హింటు మామయ్య జవాబు చెప్పడు

మామయ్యకి చాలా ప్రశ్నలకి జవాబులు తెలుసు. కానీ చెప్పడు. ఎవరు ఎంత బతిమాలినా, కసిరినా, కాళ్ళావేళ్ళా పడినా సరే, జవాబు మాత్రం ఆయన నోట్లోంచి రాదు. హింటు వస్తుంది.

"టైమెంతయింది మామయ్యా?" అని మేనకోడలు అడిగితే, "ఎదురింటి పిల్లలు స్కూలు బస్సు ఎక్కేశారా?" అంటాడు.

"ఎక్కేశారు."

"బస్సు వెళ్ళాక నువ్వు ఎన్ని కప్పులు టీ తాగావు?"

"ఒకటి."

"మరింకేం!" అని ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోతాడు. చేతికి గడియారం ఉంటుంది. అదీ ఒళ్ళు మండే సంగతి.

అత్తయ్యది మరీ పాత గాయం. పెళ్ళికి ముందు, ఉండబట్టలేక ఒకసారి ఆవిడే నోరు తెరిచి, "నేనంటే ఇష్టమేనా?" అని అడిగేసిందట. "నువ్వుండేది ఊరికి ఆ చివర. నేనుండేది ఈ చివర. ఈ వారంలో నేను ఎన్నిసార్లు దారి తప్పి మీ వీధిలోకి వచ్చాను?" అన్నాడట మామయ్య. అత్తయ్య ఇంటికెళ్ళి వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. ఏడొచ్చింది. సరేనంది. "ఇప్పటికీ నోరారా ఆ మాట అనలేదే" అని మేనకోడలి దగ్గర వాపోతూ ఉంటుంది కానీ, అలా వాపోయేటప్పుడు ఆవిడ మొహంలో బాధ మటుకు వెతికినా కనిపించదు.

మామయ్య లిఫ్టు మెకానిక్కు. మేనకోడలు అదే సర్వీసు కంపెనీ ఆఫీసులో ఫోన్లెత్తుతుంది. అంటే, మామయ్య బయట చేసొచ్చిన ఘనకార్యాలన్నీ మొదట ఆమె చెవిలోనే పడతాయి.

"మీ మెకానిక్కుని లిఫ్టు బాగయిందా అని అడిగితే, 'ఎక్కితే తెలుస్తుంది కదా' అంటున్నాడు!" అని ఒకావిడ మండిపడింది ఒక రోజు.

"ఎక్కారా మేడం?"

"ఎక్కాను."

"పని చేసిందా?"

"చేసింది. విషయం అది కాదు!"

విషయం ఏమిటో మేనకోడలికి తెలుసు. ఆమె పుట్టినప్పట్నించీ ఆ విషయంతోనే వేగుతోంది.

ఇంకోసారి ఒక పెద్దమనిషి మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టులో ఇరుక్కుపోయి గావుకేకలు పెడుతున్నాడు. మామయ్య వెళ్ళి తలుపు సందులోంచి, "అయ్యా, మీరు ఎన్ని నిమిషాల్లో బయటికొస్తారో చెప్పను గానీ, ఒక చిన్న లెక్క అడుగుతాను. రెండు తాళ్ళున్నాయి. ఒక్కోటీ సరిగ్గా గంటసేపు కాలుతుంది, కానీ ఒకే వేగంతో కాలదు. వాటితో ముప్పావుగంట ఎలా కొలుస్తారు?" అని అడిగి, పైన మోటారు గదిలోకి వెళ్ళిపోయాడు. కేకలు ఆగిపోయాయి. పావుగంటకి లిఫ్టు కదిలి నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంటే, పెద్దమనిషి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. "మూసెయ్, మూసెయ్! దగ్గరికొచ్చాను!" అని మళ్ళీ అరిచాడు.

ఇలాంటి మనిషికి లెక్కల పిచ్చి కూడా ఉంటే చూసుకోండి. ఫోన్లో ఒక గ్రూపు ఉంది. పేరు 'ఆదివారం లెక్క'. తలా ఒక ఊళ్ళో ఉన్న పదకొండు మంది. ప్రతి సోమవారం ఎవరో ఒకరు ఒక చిక్కు లెక్క పెడతారు. వారమంతా ఎవరి బుర్ర వాళ్ళు బద్దలు కొట్టుకుంటారు. ఆదివారం పొద్దున్న పదింటికి అందరూ వీడియోలో కలుస్తారు. లెక్క తేల్చినవాళ్ళు విడమరిచి చెబుతారు, తక్కినవాళ్ళు సందేహాలు అడిగి, తప్పులు పట్టి, చివరికి చప్పట్లు కొడతారు. గ్రూపు నడిపేది ఒక పళ్ళ డాక్టరు. అందులో ఒక బస్సు డ్రైవరున్నాడు. ఒక నర్సమ్మ ఉంది. ఈ మధ్యే, నాలుగు నెలల కిందట, వంతెనలు కట్టే ఇంజనీరు ఒకాయన చేరాడు.

మామయ్య ఎంత పెద్ద మోటారునైనా విప్పి బిగించగలడు గానీ, వీడియో పెడితే కెమెరా ఇంటి కప్పుని చూపిస్తుంది. అందుకని ప్రతి ఆదివారం మేనకోడలు వచ్చి ఫోన్ని చక్కెర డబ్బాకి ఆనించి నిలబెట్టాలి. ఆ విధంగా ఆమె ఆరేళ్ళ నించీ చూస్తున్నది ఏమిటంటే, మామయ్య ఆరేళ్ళలో ఒక్క లెక్కకి కూడా జవాబు చెప్పలేదు. అందరికంటే గట్టిగా చప్పట్లు మాత్రం కొడతాడు. "భలే, భలే! అదెలా తట్టిందండీ మీకు?" అని నోరెళ్ళబెడతాడు. మామయ్యకి లెక్కలంటే ఇష్టమే తప్ప అంత వంటబట్టినట్టు లేవని మేనకోడలు ఎప్పుడో నిర్ణయించుకుంది. కొంచెం నామోషీగానూ ఉండేది.

ఇంజనీరు ఒక ఆదివారం గొంతు సవరించుకున్నాడు. "నా స్నేహితులు నలుగురు గ్రూపులో చేరతామంటున్నారు. మంది ఎక్కువైతే గోలైపోతుంది. ఏడాదిలో ఒక్క లెక్కయినా చెప్పనివాళ్ళు తప్పుకుంటే న్యాయంగా ఉంటుంది కదా?"

ఆ లెక్కన తప్పుకోవలసింది ఇద్దరే. ఒకరు మామయ్య. రెండోవారు పదకొండు నెలల కిందట చేరిన నర్సమ్మ. వచ్చే నెలకి ఆవిడకి ఏడాది నిండిపోతుంది.

"నేనే మానేద్దామనుకుంటున్నానండీ. నాది ఇంత తెలివి కాదు. ఊరికే వినడానికి బాగుంటుందని వస్తున్నాను" అంది నర్సమ్మ చిన్నగా.

పళ్ళ డాక్టరు నోళ్ళు తెరిపించడంలో దిట్ట గానీ, తన నోరు తెరవడానికి మహా మొహమాటం. "వచ్చే ఆదివారం దాకా చూద్దాం" అని తప్పించుకున్నాడు.

ఆ సోమవారం లెక్క బస్సు డ్రైవరు పెట్టాడు. ఒక గదిలో ఇరవై అయిదు కుర్చీలు. అయిదు వరసలు, వరసకి అయిదు. అన్నిట్లోనూ మనుషులున్నారు. గంట కొట్టగానే అందరూ ఒక్కసారి లేచి, ముందుకో వెనక్కో కుడికో ఎడమకో, ఆనుకుని ఉన్న కుర్చీలోకి మారాలి. ఒక కుర్చీలో ఒక్కరే కూర్చోవాలి. కుదురుతుందా? కుదరకపోతే ఎందుకు కుదరదు?

మధ్యాహ్నం మేనకోడలు ఒక స్విచ్చు అందించడానికి పది అంతస్తుల మేడ ఎక్కితే, మామయ్య మోటారు గదిలో గోడమీద సుద్దముక్కతో గళ్ళు గీసి ఉన్నాయి. "పన్నెండు... పదమూడు..." అని గొణుక్కుంటూ ఒకటే నవ్వుకుంటున్నాడు.

"వచ్చేసిందా?"

"వస్తే ఇలా కూర్చుంటానా?"

"మామయ్యా, నీకు పుణ్యముంటుంది, ఈ ఒక్కసారి నోరు విప్పు. ఆదివారం నిన్ను తీసేస్తారు."

"తీసేస్తే మంచిదా, చెడ్డదా? ఎవరికి?" అన్నాడు మామయ్య. అని, చేతులకి గ్రీజుందని ఆమె చేతే నర్సమ్మకి ఫోన్ కలిపించి స్పీకరు పెట్టించాడు.

"ఏమ్మా, బాగున్నావా? మీ వార్డులో మంచాలెన్ని?"

"ఇరవై అన్నయ్యా. ఏం, ఎవరినైనా చేర్పించాలా?"

"దుప్పట్లు ఏ రంగు?"

"అన్నీ తెలుపే."

"అన్నీ తెలుపైతే ఏం బాగుంటుంది! ఒకటి నీలం, పక్కది తెలుపు, దాని పక్కది మళ్ళీ నీలం, ముందు వరసకీ వెనక వరసకీ కూడా అలాగే మార్చి పరిస్తే చూడ్డానికి ఎలా ఉంటుంది?"

"బాగానే ఉంటుంది. ఉతికేవాళ్ళు ఊరుకోరు" అని నర్సమ్మ నవ్వింది. "ఉంటానన్నయ్యా, డాక్టరుగారు పిలుస్తున్నారు."

మేనకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అక్కడ నీ పేరు కొట్టేస్తుంటే, నీకు ఆవిడ దుప్పట్ల గొడవా!"

"నీలం బాగుంటుందా, ఆకుపచ్చా?" అని అడిగాడు మామయ్య.

ఆదివారం పది కొట్టింది. ఇంజనీరు పద్దెనిమిది పేజీలు పట్టుకుని కూర్చున్నాడు. "కుదరదు. మూల కుర్చీలో మనిషి కుడికి వెళితే ఒక సంగతి, వెనక్కి వెళితే ఒక సంగతి. ఇలా ఒక్కో దారీ పట్టుకుని వెళ్ళి, ఏదీ కుదరదని తేల్చాను" అన్నాడు. అందరూ గుడ్లప్పగించి విన్నారు. పన్నెండో పేజీ దగ్గర బస్సు డ్రైవరు, "అయ్యా, ఇక్కడ ఒక మలుపు వదిలేశారు" అన్నాడు. ఇంజనీరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. వదిలేశాడు.

"నేనొకటి చెప్పనాండీ? తప్పయితే ఏమనుకోకండి" అంది నర్సమ్మ.

ఆవిడ ఫోన్ని కిందికి వంచింది. బల్లమీద వరసకి అయిదు చొప్పున చిన్న చిన్న గుడ్డముక్కలు పరిచి ఉన్నాయి. ఒకటి నీలం, ఒకటి తెలుపు.

"ఇవి కుర్చీలు కావు, మంచాలు అనుకోండి. నాకు అలా అయితేనే అర్థమవుతుంది. మూలనించి మొదలుపెట్టి నీలం, తెలుపు, నీలం, తెలుపు పరిచాను. నీలం దుప్పట్లు పదమూడు వచ్చాయి, తెల్లవి పన్నెండు. నీలం మంచం మీదున్న మనిషి ముందుకెళ్ళినా, వెనక్కెళ్ళినా, ఎటు జరిగినా తెల్ల మంచమే వస్తుంది. అంటే పదమూడు మంది లేచి, పన్నెండు మంచాల్లో పడుకోవాలి." ఆవిడ గొంతు కొంచెం గట్టిపడింది. "ఒకాయన నిలబడిపోతాడండీ. ఆయన్ని నేనెక్కడ పడుకోబెట్టను?"

పది ఇళ్ళలో ఒకేసారి చప్పట్లు. ఇంజనీరు తన పద్దెనిమిది పేజీలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "ఇంత చిన్నదా!" అని తనూ కొట్టాడు. నర్సమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వుతోంది. మామయ్య చప్పట్లకి చక్కెర డబ్బా అదిరి ఫోన్ బోర్లా పడిపోయింది.

మేనకోడలు ఫోన్ని లేపి నిలబెట్టేసరికి, "ఇక మిగిలింది ఒక్కరే" అంటున్నాడు ఇంజనీరు, కొంచెం ఇబ్బందిగానే.

"బయటికి వెళ్ళే బటను ఎక్కడుందే?" అని మామయ్య మేనకోడల్ని అడిగాడు. ఎప్పుడూ లేనిది, అది నిజంగా ఆయనకి జవాబు తెలియని ప్రశ్న.

"ఆగండి!" అంది నర్సమ్మ. "ఆ దుప్పట్లకి రంగు వేసింది నేను కాదు. సోమవారం అన్నయ్య ఫోన్ చేసి, ఒకటి నీలం ఒకటి తెలుపు పరిస్తే ఎలా ఉంటుందని అడిగారు. ఏదో ఊసుపోక అడిగారనుకున్నాను. శుక్రవారం వార్డులో పక్కలు మారుస్తుంటే అప్పుడు తట్టింది."

"ఉండండుండండి," అన్నాడు పళ్ళ డాక్టరు. "ఎండాకాలంలో నాకు ఫోన్ చేసి, పై పన్నుకి కింద పన్ను జత కుదరకపోతే ఏం చేస్తారని అడిగాడు. ఆ వారం లెక్క నేనే చేశాను. జతలు కట్టి!"

"గుండ్రంగా తిరిగే రూటులో బస్సు ఎక్కడ బయల్దేరితే ఏమిటి తేడా అని నన్నడిగాడు," అన్నాడు డ్రైవరు. "పాపం, మాట్లాడ్డానికి మనిషి లేక ఫోన్ చేస్తున్నాడనుకుని, నేనే జాలిపడి పావుగంట కబుర్లు చెప్పాను!"

అందరూ ఒకరిమీద ఒకరు పడి చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరి దగ్గరా రెండేసి మూడేసి బయటపడ్డాయి. ఆరేళ్ళుగా ఎవరికి వాళ్ళు, ఆ పిచ్చి ప్రశ్న తననొక్కరినే అడిగాడనీ, లెక్క మాత్రం తనంతట తనకే తట్టిందనీ అనుకుంటున్నారు.

చివరికి ఇంజనీరు, "నన్ను చొక్కా బొత్తాలు పైనించి పెట్టుకుంటారా, కిందనించా అని అడిగారు. పనీపాటా లేదా అని ఫోన్ పెట్టేశాను," అన్నాడు. "సాయంత్రం చొక్కా విప్పుతుంటే, ఆ లెక్క చివరనించి వెనక్కి రావాలని తట్టింది. ఆ రోజు మా ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. అయితే అది నా బుర్ర కాదా?"

"మీ బుర్రేనండీ," అన్నాడు మామయ్య వెంటనే. "బొత్తాలు అందరి చొక్కాలకీ ఉంటాయి."

మేనకోడలు ఉలిక్కిపడింది. ఆమెకి ఊహ తెలిశాక మామయ్య ఒక ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పడం అదే మొదలు.

ఇంజనీరు మొహం విచ్చుకుంది. "మరి, ఆ రూలు సంగతీ..." అన్నాడు మెల్లిగా.

"ఏ రూలు?" అన్నాడు పళ్ళ డాక్టరు, జీవితంలో మొట్టమొదటిసారి మొహమాటం లేకుండా.

మంగళవారం పొద్దున్న మామయ్య ఆఫీసుకొచ్చి, సంతకం పెట్టి, స్పానర్ల సంచీ భుజాన వేసుకుని, వెళ్ళబోతూ మేనకోడలి బల్ల దగ్గర ఆగాడు.

"నీ దగ్గర ఫోన్లు ఎన్నే?"

"మూడు."

"మూడూ ఒకేసారి మోగితే ముందు ఏది ఎత్తుతావు?"

"ఏది ఎత్తితేనేం? నీకు బ్యాంకు మేడలో లిఫ్టు ఆగిపోయింది, బయల్దేరు" అని ఆమె తరిమేసింది. తరిమి, రెండు ఫిర్యాదులు రాసుకుంది. మూడోది రాస్తూ రాస్తూ పెన్ను ఆపేసి, ఫోన్లవంక చూస్తూ ఉండిపోయింది. చటుక్కున వాటిలో ఒకటి లాక్కుని పళ్ళ డాక్టరుకి కలిపింది.

"డాక్టరుగారూ, నేనండీ, హింటు మామయ్య మేనకోడల్ని. ఊరికే అడుగుతున్నాను. ఈ వారం లెక్కేమిటి?"

అటునించి పళ్ళ డాక్టరు గొంతు తగ్గించి, ఆత్రంగా అన్నాడు:

"అది తరవాత చెబుతాను. మిమ్మల్ని ఏమడిగాడు?"