తుకారాం గోడ మీద వేసిన ఏరు

గద్వాల సాలెవీధిలో తుకారాంకు ఒకటే గర్వం, తన పని సన్నమని. ముతకపని చేసేకంటే ఊరికే కూర్చోవడం మేలని ఎదుటివాడి ముఖం మీదే అనేవాడు. ఆ గర్వమే చివరికి అతని కొంప ముంచింది.

జర్మనీ యుద్ధం మొదలైన ఏడు అతని భార్య సుభద్రమ్మ జారిపడి, నడుము విరిగి మంచాన పడింది. అప్పటికే ఆమె కళ్లకు పొరలు కమ్ముతున్నాయి. పుట్టిల్లు కృష్ణకు అవతల, ఆత్మకూరు దిక్కున. పుట్టి ఎక్కి ఏరు దాటితే తప్ప పోలేరు. లేవలేని మనిషిని పుట్టిలో ఎట్లా కూర్చోబెడతారు? చూపు పోకముందే తమ ఊరి ఒడ్డు ఒక్కసారి చూడాలని ఉందని అడక్క అడక్క అడిగిందామె.

ఉగాది వెళ్లగానే తుకారాం మంచానికి ఎదురుగోడకు సున్నం కొట్టాడు. నూలుకు వేయగా మిగిలిన రంగులు తీసి, వేపపుల్ల కొనతో ఆ ఒడ్డును వేయడం మొదలుపెట్టాడు. బొమ్మలు గీయడం అతనికెక్కడ వచ్చు? వచ్చిందల్లా నేతే. పసుపు పడుగులో నీలం పేక పడితే చూసేవాళ్లకు ఆకుపచ్చ కనబడుతుంది. అందుకే జొన్నచేనుకు పసుపు చుక్క పక్కన నీలం చుక్క, ఆవగింజంతవి, పోగు పక్కన పోగులా పెట్టుకుంటూ పోయాడు. దగ్గరికెళ్తే అన్నీ చుక్కలే. మంచం దగ్గర నిలబడితే చేను పచ్చగా ఉండేది.

ఎదురింటి కురుమూర్తి చూడలేక, వేలితో పెద్ద చుక్కలు వేస్తే నెలలో అయిపోతుందన్నాడు. తుకారాంకు ఒళ్లు మండింది.

"ఆమెకు ముతకది చూపియ్యాల్నా?" అన్నాడు.

శ్రావణానికి పని సగమైంది. వేస్తూ వేస్తూ ఏది వేస్తున్నాడో చెబుతుండేవాడు. సాయంత్రం పుల్ల కింద పెట్టి ఎట్లుందని అడిగేవాడు. మంచిగుందనేది ఆమె. ఆ ఒక్క మాటకు పిచ్చి మనిషి పొంగిపోయేవాడు.

ఒకరోజు పొద్దున ఏరు వేసి, నూలు కోసం బజారుకు పోయాడు. పెద్దవాన పట్టుకుంది. మట్టి మిద్దె కారి గోడంతా తడిసింది. ఇంటికొచ్చిన తుకారాం గడపలోనే ఆగిపోయాడు. చేను లేదు, ఏరు లేదు, మురికి చారలు తప్ప. అడుగుల చప్పుడుకు సుభద్రమ్మ ఆ గోడవైపే తల తిప్పింది.

"పొద్దున ఏసిన ఏరు మస్తు మంచిగొచ్చింది," అంది.

ఆమెకు ఎన్నాళ్ల నుంచి కనబడటం లేదో! కురుమూర్తి మాట వినుంటే ఆమె కళ్లారా చూసి ఉండేది. తుకారాం మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"రేపు మీ ఊరి రేవు ఏస్త," అన్నాడు.

"తొందరేం లేదు," అంది సుభద్రమ్మ. "సన్నగనే ఎయ్యి."