అట్లతద్ది ఆదివారం

2007 అక్టోబరు నాటికి నేను రాయపూర్‌లోని ఒక ప్రైవేటు పాఠశాలలో సాంఘికశాస్త్రం సీనియర్ ఉపాధ్యాయుణ్ణి. ఆ ఏడాది దానికి తోడు విద్యార్థుల మార్పిడి కార్యక్రమానికి కోఆర్డినేటర్‌గా కూడా వేశారు. జర్మనీలో ఒక చిన్న ఊరి బడి పిల్లలు, వాళ్ళ టీచరు ఒకావిడ, సెలవుల్లో మా ఊరు వస్తారు. పది రోజులు మా విద్యార్థుల ఇళ్ళలోనే ఉంటారు. మరుసటి వేసవిలో మా పిల్లలు అక్కడికి వెళ్ళి వాళ్ళ ఇళ్ళలో ఉంటారు.

బయటినుంచి చూసేవాళ్ళకు ఇదంతా షికారు వ్యవహారంలా ఉంటుంది. అసలు పని అతిథులు రాకముందే అయిపోవాలి. ఆతిథ్యమిస్తామన్న ప్రతి ఇంటికీ వెళ్ళి విడిగా పడక ఉందా, నీళ్ళ ఫిల్టరు ఉందా, కుక్క ఉందా అని చూడాలి. ఎవరికి ఏ తిండి పడదో తెలుసుకుని ఇంటినీ అతిథినీ జత చెయ్యాలి. ఎవరింట్లోనైనా ఇబ్బంది వస్తే పంపడానికి ఒక రిజర్వు కుటుంబాన్ని సిద్ధంగా ఉంచుకోవాలి. జర్మనీ వెళ్ళే ఆ తిరుగు ప్రయాణంలో చోటు మాత్రం, అతిథి చివరి రోజు వరకు ఎవరింట్లో ఉంటే ఆ ఇంటి పిల్లకే. మధ్యలో విసుగుపుట్టి వదిలేసే కుటుంబాలుంటాయని ఆ నియమం పెట్టింది నేనే.

లేనా అనే అమ్మాయిని రేవతి ఇంటికి జత చేశాను. రేవతి మా పదకొండో తరగతి విద్యార్థిని. తండ్రి రైల్వేలో టెక్నీషియన్, సామర్లకోట వైపువాళ్ళు. రైల్వే కాలనీలో రెండు గదుల క్వార్టరు. ఇల్లు అద్దంలా ఉండేది, పిల్ల చదువులో ముందుండేది. జత చెయ్యడానికి ఆ రెండూ చాలు. కానీ నేనూ తెలుగువాణ్ణే. మా నాన్న రైల్వే గార్డు. జాబితా చూసిన రోజున స్టాఫ్‌రూమ్‌లో తోటి ఉపాధ్యాయుడు తివారీ నవ్వుతూ, "క్యా రావ్ సాహబ్, అప్నే వాలోం కో దే దియా?" అన్నాడు. మనవాళ్ళకే ఇచ్చేసుకున్నావన్నమాట అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడు వైస్ ప్రిన్సిపల్ పోస్టు ఖాళీగా ఉంది, వరసలో నా పేరుంది. ఆ మాట నాకు మేకులా దిగింది.

కార్యక్రమం మధ్యలో వచ్చే ఆదివారం కుటుంబ దినం. ఆ రోజు బడి జోక్యం ఉండదు. ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి అతిథిని తమకు తోచిన చోటికి తీసుకెళ్తారు. ఎక్కడికో మాత్రం శనివారం నాకు చెప్పాలి. ఎక్కువమంది పుర్ఖౌతీ ముక్తాంగణ్ మ్యూజియం అన్నారు, ఇద్దరు సిర్పూర్ గుళ్ళు అన్నారు. రేవతి మాత్రం, ఆదివారం అట్లతద్ది అనీ, లేనా కాలనీలోనే తమతో ఉంటుందనీ, సాయంత్రం చంద్రుణ్ణి చూశాక అందరూ కలిసి ఊళ్ళోని చెరువు దగ్గరికి వెళ్తారనీ చెప్పింది.

ప్రిన్సిపల్ మేడమ్ అది విని, ఏమిటా పండుగ, ఉపవాసం అంటున్నారు, విదేశీ పిల్లను పస్తు పెడతారా అని నన్నే అడిగారు. అట్లతద్ది మరునాడే కర్వా చౌథ్. మేడమ్ కూడా ఉపవాసం ఉండి, చంద్రుణ్ణి చూశాకే తింటారు. 'మీ కర్వా చౌథ్ లాంటిదే మేడమ్, అతిథికి ఉపవాసం ఉండదు' అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. నాకు తెలియని సంగతి కాదు. మోవాలో మా ఇంట్లో ఆ పొద్దున్నే మా ఆవిడ అట్లకు బియ్యం, పప్పు నానబోసింది. అయినా, ఇళ్ళలో ఏవో చేసుకుంటారు మేడమ్, సరిగ్గా తెలియదు, కనుక్కుంటాను అన్నాను. తెలుసంటే తివారీ అన్న మాట నిజమైపోతుందని నా భయం. ఏదైనా జరిగితే బాధ్యత మీదే అని మేడమ్ అన్నారు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కాలనీకి వెళ్ళాను. క్వార్టర్ల వెనక వేపచెట్టుకు ఉయ్యాల కట్టి ఉంది. లేనా దాని మీద నిలబడి ఊగుతోంది. రెండు చేతులూ గోరింటాకుతో ఎర్రగా పండాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమెను ఆట పట్టిస్తున్నారు.

"ఎర్రగా పండిందమ్మాయ్, మంచి మొగుడొస్తాడు," అంది పక్క క్వార్టరు ముసలమ్మ. "ఏ దేశపోడొస్తాడో మరి, మా రైల్వేలో అయితే ఇప్పుడు వేకెన్సీల్లేవు."

రేవతి దాన్ని ఇంగ్లీషులో చెబితే లేనా ఉయ్యాల మీదే పడీ పడీ నవ్వింది.

నేను రేవతి తల్లి సత్యవతిగారిని పక్కకు పిలిచి, అతిథుల చేత ఉపవాసం చేయించడానికి నిబంధనలు ఒప్పుకోవని, అమ్మాయిని రిజర్వు కుటుంబంతో ముక్తాంగణ్ పంపిస్తున్నానని చెప్పాను. ఆమె కంగారు పడ్డారు.

"ఉపోషం ఆ పిల్లక్కాదండీ, మా అమ్మాయికేనండి. తెల్లారగట్ల మాతోపాటే లేచి గోంగూర పచ్చడేసుకుని అన్నం తినేసిందండి. మధ్యాన్నానికి పప్పూ, దుంపలేపుడూ చేస్తున్నానండి. దానికి ఆకలి కానిస్తామాండీ?"

ఆమె చెప్పేదాకా నేను ఆ విషయం అడగనేలేదు. అప్పటికే రిజర్వు కుటుంబం కారు గేటు దగ్గర ఆగింది. వాళ్ళకు ఉర్లాలో ఫ్యాక్టరీ ఉంది, కూతురు నేహా రేవతి క్లాసే. మంచివాళ్ళు, నేను పిలిస్తే వచ్చారు. వాళ్ళను వెనక్కి పంపితే నా మాట పోతుందనిపించింది. చంద్రోదయం వేళకు లేనాను తిరిగి దింపేస్తానని సత్యవతిగారికి మాటిచ్చాను. లేనా వెళ్ళనని రేవతి చెయ్యి పట్టుకుంది. టీచరుగా నేను చెప్పిన మాట కాబట్టి చివరికి కారెక్కింది.

ముక్తాంగణ్ నుంచి వాళ్ళు భోజనానికి హోటలుకు వెళ్ళారు. సాయంత్రం నేహా తండ్రి ఫోన్ చేసి, బాగా పొద్దుపోయింది, అమ్మాయి ఈ రాత్రికి మా ఇంట్లోనే పడుకుంటుంది అన్నారు. సరే అన్నాను. సోమవారం నుంచి బస్సు వాళ్ళ ఇంటి వైపు నుంచే వస్తుందని, సౌకర్యంగా ఉంటుందని అక్కడే ఉండనిచ్చాను. దాంతో ఇల్లు మారినట్టయింది. నా నియమం ప్రకారం దాని అర్థమేమిటో నాకు బాగా తెలుసు.

ముగింపు సమావేశంలో తిరుగు ప్రయాణం పేర్లు చదువుతూ, రేవతి పేరు దగ్గర జర్మన్ టీచరు ఆగారు. లేనా ఆ ఇంట్లో చాలా సంతోషంగా ఉన్నానంటోంది, మరి ఎందుకు మార్చారని అడిగారు. మేడమ్ నా వైపు చూశారు. తప్పు నాదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. భోజనం విషయంలో చిన్న ఇబ్బంది వచ్చిందన్నాను. జర్మన్ టీచరు తలూపి రేవతి పేరు కొట్టేసి నేహా పేరు రాసుకున్నారు. కోఆర్డినేటర్ చాలా అప్రమత్తంగా ఉన్నారని మేడమ్ మెచ్చుకున్నారు.

బయట వరండాలో రేవతి నిలబడి ఉంది. ఏడవలేదు.

"సార్, మీరూ తెలుగువాళ్ళే కదా. మీ ఇంట్లో అట్లతద్ది చెయ్యరా?"

"మా ఇళ్ళల్లో ఆ ఆచారం లేదమ్మా," అన్నాను.

ఆమె బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగింది. వేసవిలో నేహా జర్మనీ వెళ్ళొచ్చింది. రేవతి పన్నెండో తరగతి మంచి మార్కులతో పాసై వెళ్ళిపోయింది. వైస్ ప్రిన్సిపల్ పోస్టు నాకు వచ్చింది.

రిటైరయ్యాక ఒకరోజు సత్యవతిగారి ఇల్లు కనుక్కుని వెళ్ళాను. అప్పటికి వాళ్ళు మందిర్ హసౌద్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. రేవతి బిలాస్‌పూర్‌లో కాలేజీ లెక్చరర్ అని చెప్పారు. నాకు కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, నేను చెప్పిందంతా విన్నారు. మా ఆవిడ ప్రతి ఏడూ ఆ నోము చేస్తుందని, మేడమ్ అడిగిన రోజూ రేవతి అడిగిన రోజూ నేను అబద్ధమే ఆడానని చెప్పాను.

"మీకు తెలీక చేశారనుకున్నానండి ఇన్నాళ్ళూ. మా అమ్మాయి ఏడిస్తే కూడా అదే చెప్పానండి, సార్‌కి మన పద్ధతులు తెలీవమ్మా, తెలిస్తే అలా చెయ్యరు అని."

తర్వాత గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళారు. నేను కాసేపు కూర్చుని, వెళ్ళొస్తానని గుమ్మంలోంచి చెప్పి వచ్చేశాను.

ఈ పనిలో కొత్తగా చేరే ఉపాధ్యాయులు నన్ను అప్పుడప్పుడు సలహా అడుగుతుంటారు. బస్సులు, భోజనాలు, పడకలు ఎవరైనా చూసుకోగలరు. కోఆర్డినేటర్ పని, తనకు తెలిసినదాన్ని అడిగిన గదిలోనే, అడిగిన వేళకే చెప్పడం. ఆ వేళ దాటాక చెప్పిన నిజం నా బరువును కాస్త దించిందేమో కానీ, ఒక తల్లి తన కూతురికి చెప్పుకున్న ఓదార్పును కూడా తీసేసింది.