మావయ్య పేరు పెట్టిన బోర్డు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే, అప్పుడు కరెంటు ఉందా అని ముందు అడిగే రకం నేను. ఇప్పటికీ అంతే. రాజోలులో ఆ శుక్రవారం పొద్దున్న మాత్రం కరెంటు శుభ్రంగా ఉంది.

రెండువేల తొమ్మిది, పది ప్రాంతం. మా అత్తయ్యకు అక్కడ నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటర్ ఉండేది. అంతకుముందు అదే గదిలో మావయ్య ఎస్టీడీ బూత్ నడిపేవారు. ఎవరు ఏ మూల నుంచి పిలిచినా "ఆయ్" అని పలికే మనిషి. ఆయన పోయి అప్పటికి మూడేళ్ళు.

బ్రాడ్‌బ్యాండ్‌ని నాలుగు కంప్యూటర్లకూ పంచే పెట్టె పాడైంది. దాని బదులు స్నేహితుడి దగ్గర నుంచి అరచేతిలో పట్టే బోర్డు ఒకటి తెచ్చాను. అదే ఒక కంప్యూటర్. తెర లేదు, కీబోర్డు లేదు. లైనక్స్ ఎక్కించి, ముచ్చటపడి మావయ్య పేరే పెట్టాను: వెంకట్రావు.

అంతలో పక్కవీధి లక్ష్మి వచ్చింది, ఒళ్ళో నలభై రోజుల పాపతో. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. పదకొండింటికి మా సెంటర్ నుంచి వీడియో కాల్‌లో కూతుర్ని మొదటిసారి చూడబోతున్నాడు. మర్నాటి నుంచి అతనికి ఎడారి క్యాంపులో పని, అక్కడ నెట్ ఉండదట.

బోర్డు పలకదే! పక్క కంప్యూటర్‌లో పేరు కొట్టి పిలిస్తే జవాబివ్వాలి, దాన్ని పింగ్ అంటారు. పేరుతో పిలిచాను. కాగితం మీద రాసుకున్న దాని నెట్‌వర్క్ నంబరుతో పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. పదకొండు కావస్తోంది, మళ్ళీ మళ్ళీ అదే కొడుతున్నాను.

"ఏంట్రా, ఇందాకట్నుంచి అదే కొడతన్నావు?" అన్నారు అత్తయ్య.

"పిలుస్తున్నానండి. ఉంటే ఆయ్ అంటాడు. మావయ్య పేరే పెట్టేను, మీరోసారి కొట్టి చూడండి" అన్నాను వేళాకోళానికి.

అత్తయ్య కీబోర్డు ముందు కూర్చుని ఆగిపోయారు. పెళ్ళయ్యాక ఆవిడ మావయ్య పేరు నోటితో అన్నది లేదు. రేషన్ కార్డు వాళ్ళు అడిగినా నా వైపు చూసేవారు. మరి వేలితో మాత్రం ఎలా అంటారు? ఒక్కో ఇంగ్లీషు అక్షరం వెతుక్కుంటూ "ఏవండీ" అని కొట్టారు.

నాకు నవ్వొచ్చింది. అలాంటి పేరు నేనెక్కడా పెట్టలేదు.

గబగబా జవాబులు రావడం మొదలైంది. వాటితో వచ్చిన నంబరు నా కాగితం మీద లేదు. నవ్వడం మానేసి ఆ నంబరునే కంప్యూటర్లన్నిటికీ ఇచ్చాను. నెట్ వచ్చేసింది.

"అదిగోనే, మీ నాన్న!" అంది లక్ష్మి. అతను అక్కడి నుంచి తెర వైపు చెయ్యి చాపాడు. పాప తాపీగా ఆవలించింది. అందరం నవ్వాం, కళ్ళు తుడుచుకుంటూనే.

సాయంత్రం బోర్డులోనూ కంప్యూటర్‌లోనూ ప్రతి ఫైలూ గాలించాను. నంబరు నేనే తప్పు రాసుకున్నానంటే ఒప్పుకుంటాను. కానీ ఆ పిలుపు దానికి ఎవరు నేర్పారు? నెట్‌వర్క్ పని తెలిసినవాళ్ళందర్నీ అడిగాను. ఇవాళ్టికీ నాకు అంతుపట్టలేదు.

అదే మాట నేనూ కొట్టి చూశాను, అక్షరం తేడా లేకుండా. ఆ పేరుగల యంత్రం లేదని వచ్చింది.

అత్తయ్యకు చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, నన్నో వెర్రివాణ్ణి చూసినట్టు చూశారు.

"నువ్వు ఏవండీ అంటే ఆయనెందుకు పలుకుతార్రా?"