టైగర్‌కి అడగక్కర్లేని అనుమతి

2023 జూన్. మయూర్ విహార్ మెట్రో స్టేషన్‌కి ఎదురు గల్లీలో నా ప్రాపర్టీ డీలర్ ఆఫీసు. ఆఫీసంటే ఒక టేబులు, మూడు కుర్చీలు, నీళ్ళు పోస్తేనే పనిచేసే కూలరు. మాది గుడివాడలో స్టీలు సామాన్ల కొట్టు. నాన్న నేర్పిన చదువు ఒక్కటే: కొనేవాడు మెట్టు దిగితే అమ్మేవాడు వెనక్కి పిలుస్తాడు. ఆ చదువుతోనే పద్దెనిమిదేళ్ళుగా ఈ దేశ రాజధానిలో ఇళ్ళు అద్దెకిప్పిస్తున్నాను. సబ్జీవాడు కొత్తిమీర ఊరికే ఇస్తున్నా ఇంకో కట్ట అడుగుతానని మా ఆవిడ నాతో బజారుకి రావడం మానేసింది.

ఆ నెలలో కరుణ గారు వచ్చారు. భీమవరం వైపు మనిషి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఉంటున్న ఫ్లాటు ఓనరు అమ్మేయడంతో నెలాఖరుకి ఖాళీ చేయాలి. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాను.

"నేనూ, టైగరూ."

టైగర్ పధ్నాలుగేళ్ళ పొమేరియన్. ఆవిడ భర్త తెచ్చుకున్న కుక్క. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. "రెండు కళ్ళకీ పొర కమ్మేసింది అన్నయ్యా. నా చెప్పుల చప్పుడు పట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు," అన్నారు.

ఒక గ్రూప్ హౌసింగ్ సొసైటీలో కింది అంతస్తు ఫ్లాటు కుదిరింది. ఓనరు, "కుత్తా హై తో క్యా హువా," కుక్కుంటే ఏమైంది, అనేశాడు. అక్కడితో ఆగి ఉండాల్సింది. పెంపుడు జంతువుల్ని కాదనే హక్కు సొసైటీకి లేదని చెప్పే సర్కారు కాగితం జిరాక్సు నా సొరుగులోనే ఉంది. అది సెక్రటరీ చేతిలో పెట్టి, కుక్క వస్తోందని చెప్తే చాలు. కానీ హక్కులంటూ మాట్లాడితే మొహాలు మాడిపోతాయి, రేపు ఇంకో ఫ్లాటుకి ఇదే గేటు దగ్గరికి రావాలి కదా అనుకున్నాను. ఎన్‌ఓసీ అడిగాను. మాకేమీ అభ్యంతరం లేదని సొసైటీ రాసిచ్చే ఉత్తరం అది.

సెక్రటరీ రిటైరైన ఉద్యోగి, నెమ్మదైన మనిషి. "మేనేజింగ్ కమిటీలో పెట్టాలి భాయ్ సాబ్. వచ్చే ఆదివారం మీటింగ్. అప్పటిదాకా కుక్కని తేకండి."

"ఠీక్ హై," అన్నాను. కరుణ గారు కొత్త ఇంట్లో దిగారు. టైగర్ నోయిడాలో బోర్డింగ్‌కి వెళ్ళాడు. ఊరెళ్ళేవాళ్ళు కుక్కల్ని అప్పగించే చోటది.

"వారమే కదా సిస్టర్," అన్నాను.

"నా పాత చెప్పులు వాడి పక్కన పెట్టొచ్చాను అన్నయ్యా."

ఆదివారం కమిటీ పన్నెండు షరతులు పెట్టింది. నా లోపలి కొట్టు తెరుచుకుంది. మొదట చెప్పిన ధరకి ఒప్పుకుంటే మా నాన్న పరువేం కాను? "అయితే మాకసలు మీ ఉత్తరమే వద్దు!" అని ఫైలు మూసి మెట్లు దిగాను. పిలుస్తారనుకున్నాను. "అచ్ఛా, అగలే సండే దేఖేంగే," వచ్చే ఆదివారం చూద్దాంలే, అని వాళ్ళు టీ తెప్పించుకున్నారు.

బుధవారం కరుణ గారు ఫోన్ చేశారు. "వాడు తినడం మానేశాడు అన్నయ్యా. గేటు వైపు చెవి పెట్టి పడుకుంటున్నాడట. వార్డులో ఇలాంటివాళ్ళని రోజూ చూస్తాను. తెచ్చేసుకుంటాను."

"ఒక్క ఆదివారం ఆగండి సిస్టర్. ఇప్పుడు తగ్గితే పన్నెండూ మన నెత్తిన పడతాయి."

"సరే, మీకు తెలుసు కదా," అన్నారు.

రెండో ఆదివారం పన్నెండుని ఐదుకి దింపాను. సంతకం, ముద్ర వేయించి, జిలేబీ పొట్లంతో నేరుగా ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడ నిలబడే ఉత్తరమంతా చదివారు.

"బయట తిప్పేటప్పుడు మూతికి బుట్ట కట్టాలట. వాడికి పళ్ళే లేవండి."

"అది కూడా తీయించేస్తాను సిస్టర్, నాకు వదిలేయండి."

"వద్దన్నయ్యా. శుక్రవారం పోయాడు."

పొట్లం నా చేతిలోనే ఉండిపోయింది. "మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే మీరు మీటింగ్‌కి వెళ్ళరు కదా. దేనికోసం వాణ్ణి దూరంగా ఉంచానో ఒకసారి చూడాలనిపించింది."

కాగితం నాలుగు మడతలు పెట్టి నాకే ఇచ్చేశారు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎక్కడో ఒకచోట రాజీ పడేవాణ్ణి.

మర్నాడు సంగతి చెబితే సెక్రటరీ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "అసలు అడిగారెందుకు భాయ్ సాబ్? అడిగితే నేను కమిటీ ముందు పెట్టక తప్పదు. ఎత్తుకుని తెచ్చేసి ఉంటే, కళ్ళు లేని ముసలి కుక్కని గేటు దగ్గర ఎవరు ఆపేవారు?"

బేరం అవతలివాడి సరుకుకి ఆడాలి. నేను ఆవిడ సొంత సరుకుకి, అదీ ఎక్కువ రోజులు మిగలని సరుకుకి ఆడాను. ఇప్పుడు కుక్కతో ఎవరొచ్చినా ఒకటే చెప్తాను: తాళంచెవి అందిన రోజే దాన్నీ వెంట తీసుకెళ్ళండి, సొసైటీకి తెలియజేసే ఉత్తరం నేను రాసిస్తాను. తెలియజేసే ఉత్తరం, అడిగే ఉత్తరం కాదు.

పదకొండు నెలలకోసారి అగ్రిమెంటు తిరగరాయడానికి కరుణ గారింటికి వెళ్తుంటాను. టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్తారు. ఇంట్లో ఇప్పటికీ చెప్పులు వేసుకునే నడుస్తారు, కాస్త గట్టిగా.