రాతి సారుకు నీళ్లు

"రాతి సారు పోయిండంట రా. పొద్దుగాల, వాళ్ల ఊరు చిరాగ్‌పల్లిలనే."

జహీరాబాద్‌లో నాతో పదో తరగతి చదివినవాడు ఫోన్‌లో చెప్పిన మాట ఇది. మాకు తెలుగు చెప్పిన సారు ఇక లేరు. చావు వార్త కన్నా ముందు ఆ పేరే నాకు గుచ్చుకుంది. దాన్ని పెట్టింది నేనే.

ఆయన పాఠాల గురించి నాలుగు మంచి మాటలు రాయమని మిత్రులు అడిగారు. మంచి మాటలకేం, బోలెడు ఉన్నాయి. ఒకసారి, "రాయి మీద ఒక్కో సామెత ఇంట్ల అడిగి తెండ్రి. అమ్మలను అడుగుండ్రి, అయ్యలకు తిట్లే యాదికుంటయ్" అన్నారు. మర్నాడు ఒకడు కాసిన చెట్టుకే రాళ్ల దెబ్బలన్నాడు, ఇంకొకడు బురదలో రాయి వేస్తే మన మీదే చిందుతుందన్నాడు. ఆయన అన్నీ రాసుకున్నారు. చివర్లో ఒక మాట చెప్పారు. "కథల్ల మనిషి రాయైండని రాస్తరు. రాయి కాకముందు ఎంత ఏడ్చిండో ఎవ్వరు రాయరు." మాకేం ఎక్కలేదు. గంట కోసం చూస్తున్నాం.

ఆ ఏడే, పరీక్షల ముందు, ఆయన చిన్న కూతురు జ్వరంతో చనిపోయింది. నాలుగో రోజుకే క్లాసుకు వచ్చారు. మా పాఠాలు మిగిలి ఉన్నాయని వచ్చారు. కంట్లో తడి లేదు, గొంతు వణకలేదు. కూతురు పోయినా ఏడవని తండ్రేంటని నాకు ఒళ్లు మండింది. మర్నాడు ఆయన రాకముందే బోర్డు మీద పెద్దగా 'రాతి సారు' అని రాశాను.

రోజూ బోర్డు తన చేతిరుమాలుతో తనే తుడుచుకునే మనిషి ఆ రోజు తుడవలేదు. పక్కన మిగిలిన జాగాలో పాఠం రాశారు. మధ్యలో ఆగి, "కోహీర్ దిక్కు ఎర్రరాయి తవ్వెటోల్లను అడుగుండ్రి. భూమిల ఉన్నన్ని రోజులు మెత్తగుంటది. బయటపడి ఎండ, గాలి తాకినంకనే గట్టిగైతది" అన్నారు. మాకు అది సైన్సు పాఠంలా వినిపించింది.

పేరు మాత్రం ఊరంతా పాకింది. ఆయన పదవీ విరమణ సభలో మైకు ముందు కూడా ఎవరో ఆ పేరుతోనే పిలిచారు. అందరూ నవ్వారు. నేను చప్పట్లు కొట్టాను, సిగ్గు లేకుండా.

కిందటేడు ఒప్పుకుందామనే ఆయన ఇంటికి వెళ్లాను. చాయ్ తాగుతూ ఆయనే అడిగారు.

"ఆ పేరు ఎవరు పెట్టిన్రో నీకు ఎరికేనా?"

"తెల్వదు సార్."

"పోనీ తియ్. పెట్టినోని చేతిరాత మంచిగుండె."

మూడేళ్లు నా నోటుబుక్కులు దిద్దిన మనిషి ఆయన. అయినా చాయ్ బాగుందని చెప్పి లేచి వచ్చాను.

పదో రోజు వాగు ఒడ్డున చిన్న రాయిని నిలబెట్టారు. పోయిన మనిషి ఆ రాయిలో ఉన్నట్టే భావించి నువ్వులు, నీళ్లు వదలడం ఆనవాయితీ. పెద్ద కొడుకు వదిలాక కర్మ చేయించే అయ్యవారు మమ్మల్ని పిలిచారు. "ఇగ ఇదే మీ సారు అనుకోండ్రి. చెప్పుకునేది ఉంటే ఇప్పుడే చెప్పుకోండ్రి."

వంగి, "నేనే సార్" అన్నాను. మనిషికి చెప్పలేనిది రాయికి చెప్పాను.

నీళ్లు పోస్తే రాయి నల్లగా తడిసింది. ఎండకు నా కళ్లముందే తెల్లబడసాగింది. వెనుక వరుసలో జనం ఉన్నారని తెలిసి కూడా మళ్లీ దోసిలి నింపి పోశాను.