పిన్నీ, పక్కింటి గోడా

మా పిన్నికి మనుషుల ముఖాలు గుర్తుండవు, మరకలు గుర్తుంటాయి. ఎక్కడ గోడ పెచ్చులూడినా, గేటు తుప్పు పట్టినా, రోడ్డుమీద నూనె ఒలికినా అక్కడ ఆగిపోతుంది. "ఆగరా, డిజైనూ!" అంటుంది. ఇక ఆ పూటకి మన ప్రయాణం ముగిసినట్టే.

ఆవిడ బొంతలు కుడుతుంది. గుడ్డమీద అద్దకం వేసి, ముక్కలుగా కోసి, అతికి, పైన దారంతో గీతలు నడిపి, కప్పుకోవాలా గోడకి తగిలించుకోవాలా అని తేల్చుకోలేనంత అందంగా చేస్తుంది. ఆ అందం ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసినవాళ్లు మాత్రం గోడకే తగిలిస్తారు. ఒకటి చెత్తకుండీ తుప్పుకి తడిగుడ్డ చుట్టి తీసినది. ఇంకొకటి పళ్ల డాక్టరుగారి సీలింగు మీది నీటిమరక. దాన్ని చూసిన ఆనందంలో "నెమలి!" అనబోయి, నోట్లో ఉన్న డాక్టరుగారి వేలు కొరికేసింది.

"మీ పిన్ని నన్నెందుకు చేసుకుందనుకున్నావు?" అనేవాడు బాబాయి. "ఆవేళ నా చొక్కాజేబులో పెన్ను కారింది. లేకపోతే నావైపు చూసేదే కాదు."

నేను ఉద్యోగానికని వాళ్లింట్లో ఉన్న రోజుల్లో పిన్ని కన్ను పక్కింటి గోడమీద పడింది. ఆ ఇంట్లో గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒక్కడే ఉండేవాడు. ఆయన పడకగది గోడకీ మా వంటగదికీ మధ్య సన్నటి సందు. ఆ గోడకి పైనించి కిందికి ఒక పగులు. పిన్ని రోజూ సందులోకి వెళ్లి, దానిమీద గుడ్డ పరిచి, బొగ్గుతో రుద్ది అచ్చు తీసుకునేది.

"ఏమ్మా, నా గోడకేమన్నా దెబ్బ తగిలిందా, కట్టు కడుతున్నావు?" అని కిటికీలోంచి అరిచాడు పెద్దాయన.

"మీ పగులు అద్భుతంగా ఉందన్నయ్యగారూ!"

"నా పగులు, నా ఇష్టం. ఎవరూ చూడ్డానికి వీల్లేదు!"

మర్నాడు పగులుకి అడ్డంగా పాత చాప కట్టాడు. పిన్ని చాప అల్లికని కూడా అచ్చు తీసుకుని, ఆనక చాప పక్కకి జరిపి తన పని చేసుకుంది.

తరవాత వాన పట్టుకుంది. తెరిపి లేకుండా కురిసి కురిసి ఒక ఉదయం కాస్త తగ్గింది. గొడుగేసుకుని సందులోకి వెళ్లిన పిన్ని గొడుగు లేకుండా పరుగెత్తుకొచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్న ఆ పగుల్లో నా వేలు పట్టలేదు. ఇప్పుడు చెయ్యి దూరింది. గోడకి పొట్టొచ్చిందిరా!"

బాబాయి ఫైర్ స్టేషనుకి ఫోన్ చేసి, సందులోకి ఎవరూ రాకుండా వీధిలో నిలబడ్డాడు. నేనూ పిన్నీ పక్కింట్లోకి పరుగెత్తాం.

పెద్దాయన సరిగ్గా ఆ గోడ పక్కనే మంచంమీద కూర్చుని ఉన్నాడు. కంట్లో భూతద్దం. ఎదురుగా దుప్పటిమీద విప్పిన గడియారం ముక్కలు, చక్రాలు, స్ప్రింగులు, చీమ తలకాయంత మరలు.

"అన్నయ్యగారూ, లేవండి. గోడ పడిపోయేలా ఉంది."

"కన్నేసింది చాలక శాపాలు కూడానా? నేను పుట్టకముందునించీ ఉంది ఈ గోడ. నేను పోయాకా ఉంటుంది."

గోడలోంచి కటుక్కుమని చప్పుడొచ్చింది. పైనించి మట్టి జలజలా రాలి ఆయన టీ గ్లాసులో పడింది. ఆయన గ్లాసులోకి చూసి, పక్కన పెట్టి, మళ్లీ పట్టకారు అందుకున్నాడు.

"తాతగారూ, మీకు దండం పెడతాను" అన్నాను.

"మీరిద్దరూ పొండి. నా ఇంట్లోంచి నన్ను ఎవరూ కదపలేరు."

ఎత్తుకుపోదామా అనుకున్నాను. ఆయన మంచంకోడు పట్టుకుని బిగుసుకున్నాడు. గోడ ఇంకోసారి మూలిగింది. ఈసారి అరచేతంత పెచ్చు ఊడి తలగడమీద పడింది.

పిన్ని గోడని చూసింది. ఆయన్ని చూసింది. ఉన్నట్టుండి ఆవిడ కళ్లు దుప్పటిమీద నిలిచాయి.

"అబ్బ! ఏం డిజైనండీ ఇది!"

చావు నెత్తిమీదికొస్తుంటే డిజైనేమిటని నాకు మతి పోయింది. నేను నోరు తెరిచేలోపు పిన్ని దుప్పటి నాలుగు చెంగులూ ఒడిసిపట్టి, గడియారం ముక్కలతో సహా మూటకట్టి, గుమ్మంవైపు పరుగు లంకించుకుంది.

"దొంగా! నా చక్రాలు! అయ్యో, నా స్ప్రింగులు!"

ఎవరూ కదపలేని మనిషి మంచంమీంచి ఒక్క దూకు దూకాడు. కంట్లో భూతద్దంతోనే, చెప్పుల్లేకుండా పిన్ని వెంటపడ్డాడు. వెనక నేను. ముగ్గురం వీధిలోకి వచ్చి పడ్డామో లేదో, లోపల ఇల్లంతా ఒక్కసారి దగ్గినట్టయింది. గుమ్మంలోంచి మట్టిదుమ్ము మేఘంలా బయటికొచ్చింది.

దుమ్ము సర్దుకున్నాక తొంగిచూశాం. గోడ మంచంమీద పడుకుని ఉంది.

పెద్దాయన కంట్లోంచి భూతద్దం జారి చేతిలో పడింది. పిన్ని మూట ఆయనకి అందించింది.

"దగ్గర్నించి చూస్తే అంత బాగోలేదు లెండి" అంది.

అప్పుడు చూశాను. అది తెల్ల దుప్పటి. దానిమీద ఒక్క పువ్వు లేదు, ఒక్క గీత లేదు.

ఫైరువాళ్లు వచ్చి చూసి, గోడ మళ్లీ లేచేదాకా ఆ ఇంట్లో ఉండకూడదన్నారు. వీధిలో అందరూ మా ఇంటికి రండి, మా ఇంటికి రండన్నారు. పెద్దాయన మూట ఒళ్లో పెట్టుకుని అరుగుమీదనించి కదలలేదు. "ఒకరికి బరువయ్యే రాత నాకు లేదు" అన్నాడు. మళ్లీ చినుకులు మొదలయ్యాయి.

పిన్ని వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"అన్నయ్యగారూ, నాకో సాయం చేసిపెట్టాలి. కొత్త బొంతకి ఏం కుట్టాలో తోచక చస్తున్నాను. ఈ పళ్లచక్రాలు గుడ్డమీద అద్దితే బాగుంటుందేమో. మీరు మా ముందుగదిలో కూర్చుని పని చేసుకుంటుంటే నేను చూసి నేర్చుకుంటాను. మీకు ఇబ్బందే అనుకోండి."

ఆయన మూట ముడి బిగించాడు. "పనిమీదైతే వస్తాను" అని లేచాడు.

ఏం తోచకపోవడమా! ఆవిడ బీరువా తెరిస్తే ఏళ్ల తరబడి తీసిన అచ్చులు మీద పడతాయి.

ఆ రోజునించి ముందుగదిలో యుద్ధమే.

"ఆ చక్రం అక్కడ కాదమ్మా! అక్కడుంటే తిరగదు."

"బొంతండీ ఇది. తిరగక్కర్లేదు."

"నా చక్రం తిరిగి తీరాలి!"

పిన్ని కుట్లు విప్పి మళ్లీ కుట్టేది.

ఎండలు ముదిరేసరికి గోడ లేచింది, సున్నం కూడా పడింది. ఒక సాయంత్రం పెద్దాయన తన సంచీ సర్ది, గుమ్మందాకా వెళ్లి, వెనక్కొచ్చి నన్ను మూలకి పిలిచాడు.

"గోడ బాగానే కట్టారు. వెళ్లొచ్చుననుకో. కానీ మీ పిన్ని గతేమిటి? నేను దగ్గర లేకపోతే పాపం ఆవిడకి ఒక్క డిజైనూ తోచదు" అన్నాడు. సంచీ మళ్లీ మంచంకిందికి తోస్తూ గొంతు తగ్గించాడు. "ఇంకొన్నాళ్లు ఉంటాలే. ఆవిడతో మాత్రం అనకు, చిన్నబుచ్చుకుంటుంది."