గంగమ్మ పండగ నాటి తనిఖీ

ఒక మాట ఏళ్లుగా నా కడుపులో అరగకుండా ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు ఎన్నిసార్లు మొదలుపెట్టానో, అన్నిసార్లూ మాట మార్చేశాను.

నేను నర్సమ్మని. భావనపాడు దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లె, పేరు చెప్పను, అక్కడి ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసేదాన్ని. వెళ్లిన కొత్తలో ఎన్ని కాన్పులో! వరండా నిండా చంటిపిల్లల ఏడుపులే. తర్వాత కుర్రకారంతా చేపల వేట కోసం గుజరాత్ రేవులకు వలసపోయారు. పెళ్లాల్నీ తీసుకుపోయారు, పిల్లలు అక్కడే పుట్టారు. రాష్ట్రం విడిపోయే నాటికి ఊళ్లో మిగిలింది ముసలివాళ్లే. టీకాలకని కట్టిన వరండాలో బీపీ, షుగరు వాళ్లు కూర్చునేవారు. పైవాళ్లు మాత్రం కాన్పులెన్ని, టీకాలెన్ని అనే అడిగేవారు. ముసలివాళ్ల ఊసు ఎవరికీ పట్టేది కాదు.

ఆ ఊరు నన్నెలా చూసుకుందో చెప్పకపోతే నేను చేసిన పాపం మీకు అర్థం కాదు. పక్కింట్లో ఎర్రమ్మ ఉండేది. మొగుడు వేటకెళ్లి తిరిగి రాలేదు. నేను చేసిన మొదటి కాన్పులో వెనకాల నిలబడి ధైర్యం చెప్పింది ఆవిడే. జ్వరమొస్తే గంజి కాచి తాగించింది. మాది గుడి సేవ చేసుకునే కుటుంబం, చేప ముట్టం. నాకోసం కొత్త గిన్నె కొని, అందులో పప్పు తప్ప ఇంకేదీ వండేది కాదు. ఏం మనసు తల్లీ అది! నాకు పని వచ్చిందంటే, నలుగురిలో నిలబడ్డానంటే, అంతా ఆవిడ చలవే.

మరి అలాంటి మనిషికి నేనేం చేశాను?

నా పాప శృంగవరపుకోటలో మా అత్తగారి దగ్గర పెరిగేది. నేను వెళితే ఎవరో చుట్టం వచ్చినట్టు తలుపు వెనక దాక్కునేది. బదిలీ కోసం కాళ్లావేళ్లా పడ్డాను. ఆ కేంద్రం ఉన్నన్నాళ్లూ నిన్ను కదపలేం అన్నారు. అంటే, కేంద్రం లేకపోతే? ఆ ఆలోచన నాలో ఎవరో పెట్టలేదు. నాకే వచ్చింది.

ఆ రోజుల్లోనే, జనం పలచబడిన కేంద్రాలను పక్క ఊళ్లలో కలిపేస్తారన్నారు. చూడ్డానికి కొత్తగా వచ్చిన ఒక అధికారి బయల్దేరాడు. ఎప్పుడు రమ్మంటావని నన్నే అడిగాడు. గంగమ్మ పండగ రోజు రమ్మన్నాను. తెలిసే రమ్మన్నాను. ఆ రోజు ఊరంతా ఒడ్డునే ఉంటుంది. మాత్ర మింగరు, సూది పొడిపించుకోరు, అమ్మకు కోపమొస్తుందని. వరండాలో నరమానవుడు లేడు. దూరంగా డప్పులు వినబడితే ఎవరిదో పెళ్లనుకున్నాడు, నేను కాదనలేదు. ముసలివాళ్లయినా రారా అని అడిగాడు. రారండీ అన్నాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా?

కేంద్రం మూతపడింది. నాకు కోరుకున్న చోటికే బదిలీ. ఊరు ఊరంతా ఏడుస్తూ చీర పెట్టి పంపింది. సిగ్గులేకుండా తీసుకున్నాను. ఆ తర్వాత బీపీ మాత్రలు కావాలంటే దూరంగా ఉన్న ఆసుపత్రికి ఆటోలో పోవలసి వచ్చేది. ముసలివాళ్లకు ఉన్న ఆధారం పింఛను, అది ఆటోలకే పోయేది. ఎర్రమ్మ మాత్రలు మానేసింది.

పక్షవాతం వచ్చిందని తెలిసి పరుగెత్తాను. కుడి చెయ్యి పడిపోయింది. నన్ను చూడగానే మాత్రం మొహం విప్పారింది.

"వొచ్చావేటే నర్సమ్మా! పాప బాగున్నాదా?"

"బాగుంది పెద్దమ్మా. మాత్రలెందుకు మానేశావు?"

"ఏటి సేస్తాను? ఆటోకిచ్చీసినాక బియ్యానికేటి మిగుల్తాది? నువ్వుంటే నాకీ గతి పట్టునా? మన ఆసుపత్రి మూయించీసినోడి సేతులిరిగిపోను! ఆడి నోట్లో మట్టి పడ! పోన్లే, నువ్వు బిడ్డ దగ్గరున్నావు. నాకదే సాలు."

"పెద్దమ్మా, అదీ..." అన్నాను. ఆవిడ ఎడమ చేత్తో నా తల నిమిరింది. మిగతా మాట బయటికి రాలేదు. శాపానికి భయపడా? కాదు. ఆ చెయ్యి నా తల మీంచి తీసేస్తుందేమోనని. ఆ పాటి ప్రేమ కూడా వదులుకోలేని స్వార్థం నాది.

ఎర్రమ్మ పోయింది. నా కూతురు ఇంత ఎదిగినా అమ్మా అంటూ నా కొంగు పట్టుకు తిరుగుతోంది. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఎర్రమ్మకు మనసులోనే దండం పెట్టుకుంటాను. ఆవిడ ఇచ్చినవి ఎన్నో. ఈ పిలుపు మాత్రం ఆవిడకు తెలియకుండా నేను లాక్కున్నది. క్షమించమని ఎవరిని అడగను? మిమ్మల్ని అడగడం లేదు.

ఆ రోజు ఆవిడ పెట్టిన శాపనార్థాలు నావి. ఇన్నాళ్లూ అవి ఆ అధికారి మీద పడనిచ్చాను. ఇవాళ వాటిని నేను తీసుకుంటున్నాను, పెద్దమ్మా.